ఇంకో తిప్పు

ఇప్పుడు మా గుమ్మం ముందు రెండు సైకిళ్లు ఉంటాయి. ఆ వానాకాలం మాత్రం ఒక్కటే ఉండేది. పైపులకు వేయాల్సిన క్లిప్పులన్నీ తెచ్చి మా ఆయన దానికే బిగించాడు.

ఆయన ప్లంబరు. క్లిప్పంటే జుట్టుకు పెట్టుకునేది కాదు. రబ్బరు గొట్టం కుళాయికి తొడిగాక ఊడి రాకుండా చుట్టూ వేసే స్టీలు పట్టీ. దానికి ఒక పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పినకొద్దీ పట్టీ బిగుసుకుంటుంది. కొట్లో హోస్ క్లాంప్ అని అడగాలి, మా ఇంట్లో మాత్రం క్లిప్పే. నేనేమో జుట్టు కత్తిరించేదాన్ని. అందుకని మా ఇంట్లో "క్లిప్పులెక్కడ పెట్టావ్?" అని ఎవరైనా అరిస్తే, "ఏ క్లిప్పులు?" అని ఎదురడగందే పని జరగదు.

ఆయనతో పనిచేసేవాళ్లు ఆయనకు పెట్టిన పేరు 'ఇంకో తిప్పు'. పని అయిపోయి అందరూ సామాను సర్దుకుంటుంటే ఈయన మాత్రం వెనక్కి వెళ్లి, "ఇంకో తిప్పు" అంటూ స్క్రూ మరికాస్త తిప్పి వస్తాడు. రబ్బరు మెత్తది, నాలుగు రోజులకు అణిగి పట్టు వదులుతుంది. అందుకని నాలుగు రోజులాగి అటు వెళ్లినప్పుడు మళ్లీ ఇంకో తిప్పు. ఆయన బిగించిన గొట్టం చుక్క నీరు కారిందని ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ మాట ఆయన ఎక్కడా చెప్పుకోడు. నేను చెప్పుకుంటాను.

వానలు మొదలవుతూనే నేను పనిచేసే పార్లర్ మూతపడింది. ఆ మేడను కూల్చి కొత్తది కడతారట. యజమానురాలు నా కత్తెరలూ దువ్వెనలూ సంచిలో వేసి చేతికిచ్చి, "నువ్వెక్కడికి వెళ్లినా బతికేస్తావులే" అంది. ఎక్కడికి వెళ్లాలో మాత్రం చెప్పలేదు. బజార్లో ఉన్న పెద్ద పార్లర్ వాళ్లు వానలు తగ్గాక రమ్మన్నారు. అక్కడ పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడాలి, నవ్వమన్నప్పుడు నవ్వాలి. నాకు రెండూ ఇష్టం లేదు.

దారి చూపించింది టీచరమ్మ. చిన్నప్పుడు మా ఆయనకు లెక్కలు చెప్పిందావిడే. పార్లర్‌లో ఎప్పుడూ నా దగ్గరే కత్తిరించుకునేది. తుంటి ఎముక విరిగి మంచాన పడింది.

"అద్దంలో చూసుకుని నాకు నేనే జడుసుకుంటున్నానే. ఒక్కసారి వచ్చి ఈ తలకాయని మనిషి తలకాయలా చేసి పో" అని ఫోన్ చేసింది.

వెళ్లి, మంచం మీదే కూర్చోబెట్టి కత్తిరించాను. ఆవిడ చేతి అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుని, "గడప దాటలేనివాళ్లు ఈ ఊళ్లో నేనొక్కదాన్నేనా? వాళ్లందరికీ జుట్టు పెరగడం ఆగిందా?" అంది. ఆ సాయంత్రమే తనకు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసింది.

అలా మొదలైంది. కాలికి కట్టుతో పడుకున్న లారీ డ్రైవరు, కవలల్ని కని ఇంట్లోంచి కదలలేని ఒక అమ్మాయి, మాట పడిపోయినా అద్దం చూపిస్తే కళ్లతో నవ్వే ఒక పెద్దాయన. పార్లర్‌లో అయితే కుర్చీలో కూర్చున్నవాళ్లు ఫోను చూసుకునేవాళ్లు. వీళ్లు నాకోసం ఎదురు చూసేవాళ్లు. ఇన్నేళ్లలో పని మీద నాకు అంత ఇష్టం ఎప్పుడూ కలగలేదు. కాకపోతే కత్తెరల పెట్టె ఒక చేత్తో, మడత స్టూలు ఇంకో చేత్తో పట్టుకుని, గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని నడిచేసరికి రోజుకు రెండిళ్లు తిరగడమే గగనమయ్యేది. పిలిచినవాళ్లకు రాలేనని చెప్పాల్సి వస్తోంది. ఇలా వానాకాలమంతా గడిస్తే, వానలు తగ్గాక ఆ పెద్ద పార్లర్ మెట్లెక్కక తప్పదు.

ఒక సాయంత్రం అన్నం తింటూ, "ఒక సైకిలు కొనుక్కుంటే?" అన్నాను.

"ఈ వానల్లో సైకిలా! జారి పడితే?" అన్నాడు మా ఆయన.

"పడితే లేస్తాను."

"లేవలేకపోతే?"

"అప్పుడు మీరు పక్కనే కూర్చుని ఇలాగే ప్రశ్నలు వేద్దురుగాని."

మా అత్తయ్య చెయ్యి కడుక్కుని, మేకుకు తగిలించిన తాళంచెవి తీసి, పెరట్లోని సామాన్ల గది తలుపు తెరిచింది.

"కొనడమెందుకే, ఉందిగా" అంది.

లోపల పైకప్పు కొక్కేలకు పాత దుప్పటి చుట్టిన ఒక మూట వేలాడుతోంది. అది పాత పైపుల మూట అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. దుప్పటి విప్పితే ఎర్ర సైకిలు. వంపు తిరిగిన హ్యాండిలు, వేలంత సన్నటి టైర్లు. ఎత్తబోతే ఒక్క చేతికే వచ్చేసింది.

"ఎవరిదత్తయ్యా ఇది?"

"నాదే. పందాలు తొక్కేదాన్ని."

నేను నోరెళ్లబెట్టాను. రెండు చేతులా కూరగాయల సంచులు మోసుకుంటూ, బజారు నుంచి ఆగి ఆగి నడిచొచ్చే అత్తయ్యే నాకు తెలుసు. వెనక్కి తిరిగి మా ఆయన్ని చూస్తే, ఆయన నా కంటే పెద్దగా నోరు తెరిచి ఉన్నాడు.

"మరి ఎందుకు మానేశారు?"

"వీడు పుట్టాడు" అంది, అంతటితో అంతా చెప్పేసినట్టు. తర్వాత సీటు కింది గొట్టం చూపించింది. అక్కడ నల్లటి బట్ట టేపు దళసరిగా చుట్టి ఉంది. "ఈ బట్ట చుట్టిన చోట మాత్రం ఏదీ బిగించొద్దు, విప్పొద్దు. మిగతాదంతా మీ ఇష్టం."

సైకిలు దుమ్ము దులిపి, టైర్లూ బ్రేకు రబ్బర్లూ మార్పించడానికి మా వీధి చివరి సైకిలు షాపు పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. అన్నీ మార్చాడు గానీ క్యారియర్ దగ్గర చేతులెత్తేశాడు. పందెం సైకిలుకు బరువు పనికిరాదట, అందుకని క్యారియర్ తగిలించే రంధ్రాలు అసలు పెట్టరట. ఆ మాట వినగానే మా ఆయన మొహం వెలిగిపోయింది. రంధ్రం లేని గొట్టానికి ఏదైనా బిగించడమంటే ఆయన జీవితమంతా చేసిన పనే.

ఆదివారం వాన తెరిపిచ్చింది. గుమ్మం ముందు గోనెపట్టా పరిచి పని మొదలుపెట్టాడు. నేను మెట్టు మీద టీ గ్లాసుతో కూర్చుని అజమాయిషీ చేశాను. నిజం చెప్పాలంటే ఆ పని చూడముచ్చటగా ఉంది. పాత ట్యూబును రిబ్బన్లలా కత్తిరించి, గొట్టం చుట్టూ మడత పడకుండా చుట్టి, ఆ రబ్బరు మీదే క్లిప్పు వేశాడు. గొట్టానికి సరిపడా సైజే వేశాడు, పెద్దది వేసి తోక వేలాడదీయలేదు. స్క్రూ మోకాలికి తగలకుండా లోపలి వైపుకు తిప్పి పెట్టాడు. మిగిలిన కాస్త కొసనూ కత్తిరించి, ఆకురాయితో రాసి, వేలితో తడిమి చూసుకుని, రబ్బరు తొడుగు వేశాడు. బ్రేకు వైరు క్లిప్పు కింద పడబోతే పక్కకు తప్పించాడు. చివరికి హ్యాండిలు అటూ ఇటూ పూర్తిగా తిప్పి, చక్రాలు గిర్రున తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూశాడు.

వెనకాల కత్తెరల పెట్టెకు క్యారియర్. సీటు నుంచి హ్యాండిలు దాకా వెళ్లే పై గొట్టం కింద, సరిగ్గా నడిమధ్యన, స్టూలు పెట్టుకోడానికి ప్లాస్టిక్ పైపు కోసి చేసిన తొట్టి. గొడుగుకు ఇంకో పైపు ముక్క. ముందు లైటు, వెనక లైటు, అద్దం, గంట.

"ఇంకేమైనా ఉందా?" అన్నాను.

"వెనకాల ఇంకో లైటు పెడదామా అని..."

"నేనెక్కడ కూర్చోవాలి?"

అత్తయ్య కిటికీలోంచి చూస్తూ నవ్వుకుంది. మా ఆయన మాత్రం నవ్వకుండా ఇంకో లైటు పెట్టాడు.

ఆ తర్వాతి రోజులు తలచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది. తుంపరలో రోడ్లు మెరుస్తుండేవి. బురద మడుగుల్ని తప్పించుకుంటూ, మలుపుల్లో గంట కొడుతూ, రోజుకు నాలుగైదు ఇళ్లు తిరిగేదాన్ని. గంట వినగానే కవలల తల్లి తలుపు తీసేది. లారీ డ్రైవరు కట్టు విప్పేశాక కూడా, "నాకిలాగే బాగుందమ్మా" అని ఇంటికే రమ్మన్నాడు.

రోజూ పొద్దున్నే మా ఆయన నాకంటే ముందు లేచి, స్క్రూడ్రైవర్ పట్టుకుని సైకిలు పక్కన కూర్చునేవాడు. తొట్టిని పట్టుకుని ఊపి చూసి, "వదులైంది" అని స్క్రూ కాస్త తిప్పేవాడు. మిగతావాటినీ తడిమి వచ్చేవాడు. 'జాగ్రత్తగా వెళ్లు' అనే మాట ఆయన నోటి నుంచి ఒక్కనాడూ రాలేదు. ఆ తిప్పులోనే అదంతా ఉందని నాకు తెలుసు. గుమ్మంలో నిలబడి జడ అల్లుకుంటూ, ఆ వంగిన వీపును చూస్తూ మురిసిపోయేదాన్ని.

వానాకాలం సగం గడిచింది. ఒక పొద్దున తొట్టి మరీ వదులుగా ఊగుతోందని, రబ్బరు అరిగిందేమో చూద్దామని మా ఆయన క్లిప్పు విప్పాడు. రబ్బరు తీశాడు. తీసినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఏమైందండీ?"

వెళ్లి చూశాను. క్లిప్పు ఉన్న చోట గొట్టం చుట్టూ లోపలికి నొక్కుకుపోయింది. పిండి ముద్దను రెండు వేళ్లతో పట్టి నొక్కితే పడే సొట్టలా ఉంది. అత్తయ్య అంతకాలం దుప్పటి చుట్టి దాచుకున్న సైకిలది.

అత్తయ్య స్నానానికి వెళ్లిన సమయం చూసి, తేలు కుట్టిన దొంగల్లా సైకిలును నడిపించుకుంటూ పెద్దాయన షాపుకు వెళ్లాం. ఆయన కళ్లజోడు సవరించుకుని, టార్చి వేసి, సొట్ట చుట్టూ గోటితో గీరి చూశాడు.

"రోజూ బిగించావా?" అని మా ఆయన్ని అడిగాడు.

"వదులవుతోందని..."

"వదులైంది క్లిప్పు కాదు నాయనా. కింద గొట్టం లోపలికి పోతోంది. నువ్వు తిప్పుతున్నకొద్దీ అది పోతూనే ఉంటుంది, మళ్లీ వదులవుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టంలో కుళాయి ముక్క అడ్డం ఉంటుంది, ఎంత బిగించినా ఆగుతుంది. దీనిలోపల ఏముంది, గాలి. పైగా ఇది పందెం సైకిలు. మధ్యలో గొట్టం గోడ మరీ పల్చన. అతుకుల దగ్గరే మందంగా ఉంటుంది."

"తొక్కొచ్చా మరి?" అన్నాను నేను.

"తొక్కొచ్చమ్మా. ఉక్కే కదా. సొట్ట లోతు తక్కువే, పగులు లేదు, రంగు కూడా పెచ్చులూడలేదు. అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండు. పగులు కనిపించిందా, అక్కడితో ఆపెయ్. ఈ చోట మాత్రం ఇక ఏదీ బిగించకండి. బిగిస్తే ఇదిగో, ఈ కొసల దగ్గర. అదీ చేత్తో తిప్పితే కదలనంత వరకే."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మా ఆయనకు మాత్రం ఆ మాటలేవీ చెవికెక్కలేదు. ఇంటికొచ్చి, ఒక్కొక్క క్లిప్పూ విప్పి పాత డబ్బాలో వేశాడు. తొట్టి, క్యారియర్, లైట్లు, అద్దం, గంట, అన్నీ తీసేశాడు. ఎర్ర సైకిలు మళ్లీ మొదటిరోజులా బక్కచిక్కి నిలబడింది.

"దీన్ని ఇక ఎక్కొద్దు" అన్నాడు.

"ఆయన తొక్కొచ్చన్నాడుగా!"

"నువ్వు నడిరోడ్డు మీద ఉన్నప్పుడు విరిగితే? నా చేత్తో నేనే..." అని ఆపేశాడు. "వానలు తగ్గాక కొత్తది కొందాం."

వానలు తగ్గాక నాకు సైకిలుతో పనేముంటుంది, పెద్ద పార్లర్‌లో నిలబడ్డానికి కాళ్లు చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆయన మొహం చూశాను. బిగించిన గొట్టం ఒక్కటీ కారని మనిషి, మొదటిసారి తప్పు చేసి, అదీ నా విషయంలో చేసి, తల వంచుకుని నిలబడ్డాడు. 'సరేలెండి' అనబోయాను. ఆయన అప్పటికే సైకిలును భుజానికెత్తుకుని పెరట్లోకి నడిచాడు.

సామాన్ల గది గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. తడి తలకు తుండు చుట్టుకుని ఉంది.

"కింద పెట్టరా" అంది.

"అమ్మా, ఇది..."

"చూశాను. కింద పెట్టు. అమ్మాయ్, నీ కత్తెర ఇలా ఇవ్వు."

ఇచ్చాను. సీటు కింద బట్ట టేపు చుట్టిన చోట కత్తెర మొన దూర్చి, నిలువునా కోసి, పొరలు పొరలుగా ఒలిచేసింది. కింద గొట్టం చుట్టూ లోపలికి నొక్కుకుపోయి ఉంది. అదే సొట్ట. కాకపోతే పాతది, అయినా తుప్పు పట్టలేదు, నూనె రాసి చుట్టినట్టుంది.

మా ఆయన దాన్నీ, తను చేసిన దాన్నీ మార్చి మార్చి చూశాడు.

"మీ నాన్న" అంది అత్తయ్య. మా మామయ్య కూడా ప్లంబరుగానే పనిచేసేవాడు. "నువ్వు నడక నేర్చినప్పుడు, నిన్ను కూర్చోబెట్టుకోడానికి చిన్న సీటు తయారుచేసి క్లిప్పులతో ఇక్కడ బిగించాడు. పిల్లాడు పడతాడని రోజూ పొద్దున్నే ఇంకో తిప్పు."

"మరి తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది. సొట్ట పడింది. ఇదిగో, వీడు పెట్టాడే, సరిగ్గా ఈ మొహమే పెట్టుకుని నిలబడ్డాడు. దీన్ని ఇక ఎక్కొద్దన్నాడు. అప్పుడూ షాపులో తొక్కొచ్చనే చెప్పారు. కానీ ఆ మొహం చూసి జాలేసింది, సరే అన్నాను. ఆయనే కొక్కేలు కొట్టి పైకి తగిలించాడు." తుండు కొస బిగించుకుంటూ నా వైపు తిరిగింది. "చాలా మంచి మనిషి మీ మామయ్య. నువ్వు మాత్రం జాలిపడకు."

అత్తయ్య డబ్బా తెచ్చి, క్లిప్పులు నా ఒళ్లో పోసి, స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టింది.

"వీడి చేతికివ్వకు. నువ్వే బిగించు. రేపెప్పుడైనా దారిలో వదులైతే బిగించుకోవాల్సింది నువ్వేగా."

నేలమీద చతికిలబడి మొదలుపెట్టాను. రబ్బరు పట్టీలు మా ఆయనే కత్తిరించి ఇచ్చాడు, ఈసారి వెడల్పుగా. తొట్టికి ఒక క్లిప్పు హ్యాండిలు దగ్గరి అతుకు పక్కన, ఒకటి సీటు దగ్గరి అతుకు పక్కన పడేలా ఆయనే పైపు పొడవు పెంచాడు. నేను స్క్రూ తిప్పాను. నా పనిలో చెయ్యి ఎప్పుడూ కాస్త ముందే ఆగాలి. ఎక్కువ కత్తిరిస్తే మళ్లీ అతికించలేం. అలాగే ఆగి, తొట్టిని పట్టుకుని తిప్పి చూశాను. కదల్లేదు.

"ఇంకో..." అన్నాడు మా ఆయన.

అత్తయ్యా నేనూ ఒకేసారి తలెత్తి చూశాం. ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. మిగతా క్లిప్పులన్నీ వేసేదాకా ఆ చెయ్యి జేబులోనే ఉంది, లోపల వేళ్లు మాత్రం దేన్నో తిప్పుతూనే ఉన్నాయి. పాపం, నవ్వాపుకోలేకపోయాను. కాసేపటికి ఆయనా నవ్వేశాడు.

గంట బిగించాక స్టూలు తొట్టిలో పెట్టాను, కత్తెరల పెట్టె క్యారియర్‌కు కట్టాను. "ఈ రోజు టీచరమ్మకు కత్తిరించాలి, ఇప్పటికే ఆలస్యమైంది" అన్నాను.

"ఉండు, సరిగ్గా ఉందో లేదో చూసి ఇస్తాను" అంది అత్తయ్య.

తల తుండు విప్పి గోడ మీద పడేసింది. తడి జుట్టు ముడి వేసుకుంది. హ్యాండిలు పట్టుకుని, ఒక కాలు పెడలు మీద పెట్టి, రెండడుగులు పరుగులాంటి నడక నడిచి ఎక్కేసింది. మోకాళ్ల నొప్పులని మెట్లెక్కని మనిషి. గేటు దగ్గర కాస్త తూలింది. మా ఆయన "అమ్మా!" అని కేకేసేలోపు సర్దుకుని, వీధిలోకి వెళ్లి, ముందుకు వంగి, మలుపు తిరిగిపోయింది.

ఇద్దరం గేటు దగ్గర నిలబడ్డాం. పక్క వీధిలో గంట మోగింది. మళ్లీ ఇంకాస్త దూరంగా మోగింది. ఆ తర్వాత వినబడలేదు.

"బ్రేకులు గట్టిగానే ఉన్నాయి కదూ?" అన్నాడు మా ఆయన.

"ఉన్నాయండీ."

"నువ్వు వెళ్లు, ఆలస్యమవుతోంది. నేను ఉంటాలే."

వెళ్లడానికి నా దగ్గరేముంది. కత్తెరలూ స్టూలూ అత్తయ్యతో పాటే వెళ్లిపోయాయి. కనీసం టీచరమ్మకు సంగతైనా చెబుదామని చేతులూపుకుంటూ బయల్దేరాను. సన్నగా తుంపర మొదలైంది. నడుస్తూ నడుస్తూనే పెద్ద పార్లర్‌కు ఫోన్ చేసి, నేను రావడం లేదని చెప్పాను. ఎందుకని అడిగారు. "సొంత పని ఉందండీ" అన్నాను. అలా అంటుంటే గొప్ప సంతోషమేసింది.

టీచరమ్మ ఇంటి గోడకు ఎర్ర సైకిలు ఆనించి ఉంది. ఒక్క క్లిప్పూ జరగలేదు.

లోపల టీచరమ్మ మంచం మీద పగలబడి నవ్వుతోంది. అత్తయ్య మోకాళ్ల దాకా బురదతో, నా స్టూలు వేసుకుని, నా తుండు భుజాలకు కప్పుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. ముడి ఊడి జుట్టంతా వీపు మీద పడి ఉంది. ఆ జుట్టును నన్ను ఎప్పుడూ ముట్టుకోనివ్వలేదు.

"రావే, ఎంతసేపు నడుస్తావ్" అంది. "ఇది కళ్లలో పడి దారి కనిపించడం లేదు. పొట్టిగా కత్తిరించు."

నేను పెట్టె తెరిచి కత్తెర తీశాను. అలవాటు ప్రకారం చివర్లు కొంచెమే తీసి, ముందుకు వచ్చి ఆవిడ మొహం చూశాను.

"ఇంకాస్త" అంది అత్తయ్య.